కింది మెట్టు లేని లీగు: భారత ఫుట్‌బాల్ సీజన్ల లెక్క

మన దేశంలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ ఇండియన్ సూపర్ లీగ్. 2024లో అది సెప్టెంబరులో మొదలై మరుసటి ఏప్రిల్‌లో ముగిసింది. ఆ తర్వాతి సీజన్ మాత్రం సెప్టెంబరు దాటినా, దసరా, దీపావళి, సంక్రాంతి వెళ్లిపోయినా మొదలు కాలేదు. చివరికి 2026 ఫిబ్రవరి 14న బంతి కదిలింది. అంతకు ముందు ఏడాది 13 జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు తలపడి 156 లీగు మ్యాచులు ఆడాయి. నాకౌట్లతో కలిపితే 163. ఈసారి జట్లు 14 అయ్యాయి గానీ ఒక్కొక్కసారే ఆడాలన్నారు కాబట్టి లీగు మొత్తం 91 మ్యాచులకు కుదించుకుపోయింది. ఒక్కో జట్టుకు 24 ఆటలుండేవి 13 అయ్యాయి.

దీన్ని ఒక ఏడాది జరిగిన ప్రమాదంగా తీసిపారేయవచ్చు. కోర్టు కేసు నడిచింది, కాంట్రాక్టు గడువు తీరింది, టెండరు బెడిసికొట్టింది. ఈ కారణాలన్నీ నిజమే. కానీ జాతీయ లీగు పుట్టిన 1996 నుంచి లెక్క చూస్తే మన దగ్గర ఆ పోటీ పేరు రెండుసార్లు మారింది. ఐదుసార్లు ఛాంపియన్ అయిన క్లబ్బు పోటీ నుంచి తప్పుకుంది, తొలి ఛాంపియన్ ఏకంగా మూతపడింది. ఒక ఛాంపియన్‌ను పైస్థాయి లీగు గుమ్మం బయటే నిలబెట్టారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఈ ఒక్క ఏడాదికి సంబంధించింది కాదు. ముప్పై ఏళ్లుగా డబ్బు, టీవీ, విదేశీ తారలు, కొత్త స్టేడియాలు ఒక్కొక్కటిగా వచ్చినా మన ఫుట్‌బాల్ సీజన్ ఎందుకు కుదురుకోలేదు? దీనికి ఇప్పటిదాకా వినిపించిన జవాబులను ఒక్కచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

లీగు లేని స్వర్ణయుగం

మొదటి వాదన పాతతరం వారిది. అసలు లీగు లేని రోజుల్లోనే మనం బాగా ఆడాం కదా అంటారు వాళ్లు. మాట కొట్టిపారేసేది కాదు. డ్యూరాండ్ కప్ 1888లో మొదలైంది. కలకత్తా లీగు 1898 నాటిది. రాష్ట్రాల మధ్య సంతోష్ ట్రోఫీ 1941లో వచ్చింది. దేశమంతటికీ ఒక లీగు అన్నది లేకుండానే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మూడింటికీ శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఆ తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ అందరూ ఈ నేల మీద బంతి నేర్చుకున్నవారే.

అయితే ఆ కాలంలో ఆటగాడి ఇంట్లో పొయ్యి వెలగడానికి సీజన్ అవసరం లేదు. అతను పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, మిల్లులోనో ఉద్యోగి. టోర్నమెంటు ఉన్నా లేకున్నా ఒకటో తారీఖున జీతం చేతికొచ్చేది. ఊరూరా కప్పులుండేవి, కప్పుల చుట్టూ ఏడాది తిరిగేది. ఆ ఉద్యోగాలు పలచబడి ఆటే బతుకుదెరువైనప్పుడు పరిస్థితి మారింది. నలభై ఐదు రోజుల టోర్నమెంట్లతో వృత్తి ఆటగాడు బతకలేడు. వారం వారం మ్యాచు, ఏడాదికో కాంట్రాక్టు, వచ్చే ఏడాది ఇదే తేదీకి మళ్లీ ఆట ఉంటుందన్న నమ్మకం కావాలి. స్వర్ణయుగం వాదన ఈ తేడాను పట్టించుకోదు. లీగు లేకుండా గెలిచామన్నది చరిత్ర. లీగు లేకుండా ఇప్పుడు బతకగలమా అన్నది వేరే సంగతి.

మెట్లున్నాయి, డబ్బు లేదు

1996 డిసెంబరులో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్ తొలి విజేత. ఆ జట్టు తరఫున 14 గోల్స్ కొట్టిన బైచుంగ్ భుటియా లీగులోకెల్లా ఎక్కువ గోల్స్ చేసిన ఆటగాడు. తర్వాతి పదేళ్లలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ చెరి మూడుసార్లు గెలిచాయి. గోవా నుంచి సల్గాంవ్‌కర్, డెంపో, ముంబయి నుంచి మహీంద్రా యునైటెడ్ కూడా పట్టికలో పైకెక్కాయి. 2007 నవంబరులో ఇదే ఐ-లీగ్‌గా పేరు మార్చుకుంది.

ఈ లీగుకు ఒక మంచి లక్షణం ఉండేది. కింద పడితే దిగాలి, కింది డివిజన్లో గెలిస్తే ఎక్కాలి. లేనిదల్లా చూసేవాళ్లు, కొనేవాళ్లు. టీవీ ఒప్పందం నిలకడగా సాగలేదు. పదేళ్లకు హక్కులు తీసుకున్న జీ స్పోర్ట్స్‌తో సంబంధం 2010లోనే, సగం దారిలో తెగిపోయింది. అదే ఏడాది మహీంద్రా యునైటెడ్ జట్టును మూసేశారు. మరుసటి ఏడాది, టీవీలో కనిపించని ఆటకు పెట్టుబడి దండగన్న వాదనతో జేసీటీ కూడా తలుపులు వేసుకుంది. జాతీయ లీగు తొలి ఛాంపియన్ పదిహేనేళ్లకే చరిత్రలో కలిసిపోయింది.

మెట్లున్నాయన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2015-16 ఐ-లీగ్‌లో తొమ్మిది జట్లుంటే మిజోరం నుంచి కొత్తగా వచ్చిన ఐజాల్ ఎఫ్‌సీ ఎనిమిదో స్థానంలో ముగించింది. అట్టడుగున ఉన్నది పుణేకు చెందిన డీఎస్‌కే శివాజియన్స్. రూలు ప్రకారం దిగాల్సింది అడుగున ఉన్న జట్టు. కానీ శివాజియన్స్ కార్పొరేట్ కోటాలో నేరుగా లీగులో అడుగుపెట్టిన జట్టు కావడంతో దానికి రెలిగేషన్ నుంచి మినహాయింపు ఉంది. దాంతో తమకంటే కింద ఒక జట్టు ఉండగానే ఐజాల్ దిగిపోవాల్సి వచ్చింది. ఆ వేసవిలో గోవా క్లబ్బులు లీగు నుంచి తప్పుకోవడంతో ఖాళీ ఏర్పడి ఐజాల్‌ను మళ్లీ పిలిచారు.

ఆ తర్వాత జరిగింది మన లీగు చరిత్రలో అన్నిటికన్నా గొప్ప సీజన్. ముంబయి ఎఫ్‌సీ వదిలేసిన ఖాలిద్ జమీల్ ఐజాల్‌కు కోచ్‌గా వచ్చాడు. చిన్న బడ్జెట్, ఎక్కువమంది స్థానిక కుర్రాళ్లు. 2017 ఏప్రిల్ 22న సొంత మైదానంలో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించారు. ఏప్రిల్ 30న చివరి మ్యాచు షిల్లాంగ్ లజాంగ్‌తో, షిల్లాంగ్‌లో. ఒక్క పాయింటు వస్తే టైటిల్. తొమ్మిదో నిమిషంలోనే లజాంగ్ స్ట్రైకర్ డిపాండా డికా గోల్ కొట్టాడు. గంటకు పైగా ఐజాల్ వెనకబడే ఉంది. 67వ నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా బంతిని గోల్‌లోకి నెట్టాడు. 1-1. ఐజాల్ 37 పాయింట్లతో ఛాంపియన్, మోహన్ బగాన్ 36తో రెండోది. ఈశాన్యం నుంచి జాతీయ లీగు గెలిచిన తొలి క్లబ్బు అది. ఏడాది కిందట లీగు నుంచి దించేసిన జట్టు.

ఇంత జరిగాక ఆ విజేతకు దక్కిందేమిటి? అప్పటికే దేశంలో రెండు లీగులు నడుస్తున్నాయి. డబ్బున్న లీగులోకి తమను తీసుకోరా అని ఐజాల్ క్లబ్బు బహిరంగంగా నిరసన తెలిపింది. తీసుకోలేదు.

డబ్బుంది, మెట్లు లేవు

ఆ రెండో లీగుకు పునాది 2010 డిసెంబరులో పడింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ-రిలయన్స్‌కు అప్పగించింది. అందులోంచి 2014 అక్టోబరు 12న కోల్‌కతాలో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. ఎనిమిది ఫ్రాంచైజీలు, రెండు నెలల పైచిలుకు పోటీ, సినిమా తారలు, క్రికెటర్లు యజమానులు, రిటైర్మెంటుకు దగ్గరపడిన ప్రపంచ ఆటగాళ్లు. డిసెంబరు 20న ఫైనల్లో మహమ్మద్ రఫీక్ చివరి క్షణాల్లో కొట్టిన గోల్‌తో అట్లెటికో డి కోల్‌కతా కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించింది. నమూనా ఐపీఎల్‌దేనన్నది అందరికీ తెలిసిందే.

ఈ లీగు మీద రెండు తీర్పులున్నాయి. ఇదే ఆటను బతికించిందన్నది మొదటిది. దానికి ఆధారాలు తక్కువేం కాదు. పచ్చిక మైదానాలు, ఫిజియోలు, వీడియో విశ్లేషకులు, స్పష్టమైన శిక్షణ పద్ధతులు ఈ లీగుతోనే విస్తరించాయి. ఆటగాళ్ల జీతాలు అంతకు ముందు ఊహించని స్థాయికి చేరాయి. 2019-20లో లీగు పట్టికలో మొదటి స్థానానికి షీల్డ్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ షీల్డ్ గెలిచిన ఎఫ్‌సీ గోవా ఆసియా ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో ఆడిన తొలి భారత క్లబ్బు అయింది. 2015 మార్చిలో 173వ ర్యాంకులో ఉన్న జాతీయ జట్టు 2017లో 96కు, 2023లో 99కు ఎగబాకింది.

ఆట పునాదిని ఇదే పీకేసిందన్నది రెండో తీర్పు. దానికీ ఆధారాలున్నాయి. ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయిన డెంపోతో పాటు సల్గాంవ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా 2016లో ఐ-లీగ్‌కు దూరమయ్యాయి; పై లీగుకు మెట్టు లేనప్పుడు ఈ లీగులో ఎందుకుండాలన్నది వాళ్ల ప్రశ్న. 2019 అక్టోబరులో కౌలాలంపూర్‌లో ఆసియా సమాఖ్య సమక్షంలో ఒక మార్గపటం ఖరారైంది. ఐఎస్‌ఎల్‌కు అగ్రస్థానం ఇచ్చారు. ఐ-లీగ్ విజేతను 2022-23 నుంచి పైకి తీసుకోవాలన్నారు. 2024-25కల్లా ఎక్కడం, దిగడం రెండూ అమలు కావాలన్నారు. ఎక్కడం అమలైంది: పంజాబ్, ఆ వెనక మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. దిగడం మాత్రం 2024-25 ముగిసినా అమలు కాలేదు.

రెండు తీర్పులూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నాకనిపిస్తుంది. మొదటి పక్షం డబ్బును సీజన్ అనుకుంది. రెండో పక్షం పాత క్లబ్బులను సీజన్ అనుకుంది. సీజన్ అంటే అవి రెండూ కావు. ఎప్పుడు మొదలవుతుందో, గెలిస్తే ఏం దక్కుతుందో, ఓడితే ఏం పోతుందో ముందే తెలిసి, ప్రతి ఏటా మారకుండా నిలిచే ఒడంబడిక అది. ఐ-లీగ్‌లో గెలుపోటముల లెక్క ఉండేది, నడిపే స్తోమత లేకపోయింది. ఐఎస్‌ఎల్‌కు స్తోమత ఉంది, ఓడితే పోయేదంటూ లేకపోయింది.

ఒక సీజన్‌ను దగ్గరగా చూస్తే

2024-25ను తీసుకుందాం. పట్టిక పైభాగం అద్భుతం. హోసే మొలీనా శిక్షణలో మోహన్ బగాన్ సూపర్ జెయింట్ 24 మ్యాచుల్లో 17 గెలిచి, 5 డ్రా చేసుకుని, రెండే ఓడింది. 56 పాయింట్లు, లీగు రికార్డు. 47 గోల్స్ కొట్టి 16 మాత్రమే ఇచ్చుకుంది. ఫిబ్రవరి 23న ఒడిశాపై ఆట ఇంజురీ టైమ్‌లోకి వెళ్లాక పెట్రాటోస్ కొట్టిన గోల్‌తో షీల్డ్ ఖాయం చేసుకుంది. ఏప్రిల్ 12న సాల్ట్ లేక్‌లో బెంగళూరును 2-1తో ఓడించి కప్పు కూడా పట్టుకుపోయింది.

అదే పట్టిక అడుగుకు రండి. మొహమ్మడన్ స్పోర్టింగ్ 24 మ్యాచుల్లో రెండే గెలిచి 13 పాయింట్లతో చివర నిలిచింది. దాని పైన హైదరాబాద్ ఎఫ్‌సీ. మార్చి వచ్చేసరికి ఈ జట్లు ఆడిన మ్యాచుల్లో పణంగా పెట్టిందేమీ లేదు. గెలిచినా, ఓడినా వచ్చే ఏడాది ఇక్కడే. యూరప్ లీగుల్లో సీజన్ చివరి నెలలో టీవీ ముందు జనాన్ని కూర్చోబెట్టేది చాలాసార్లు 17, 18 స్థానాల మధ్య పోరే. ఆ ఏడాది మన లీగులో ఆ పోరుకు తావే లేకపోయింది. అలాంటప్పుడు అడుగు జట్లకు సీజన్ ముందే అయిపోతుంది. స్టాండ్స్ ఖాళీ అవుతాయి, టీవీ రేటింగులు జారతాయి. ఆ రేటింగులు చూసి ప్రకటనదారు చేయి వెనక్కి లాగుతాడు. కింది మెట్టు లేకపోవడం నీతికి సంబంధించిన లోపమే అనుకుంటారు చాలామంది. నిజానికి అది వ్యాపార లోపం కూడా.

అదే ఏడాది ఐ-లీగ్ కథ ఇంకో తీరు. ఏప్రిల్ 6న ఆట ముగిసేసరికి చర్చిల్ బ్రదర్స్‌కు 40 పాయింట్లు, ఇంటర్ కాశీకి 39. నామ్‌ధారీతో జరిగిన ఒక మ్యాచులో ఎదుటి జట్టు అనర్హుణ్ని ఆడించిందని ఇంటర్ కాశీ ఫిర్యాదు. సమాఖ్య అప్పీళ్ల కమిటీ ఆ ఫిర్యాదును కొట్టేసింది, చర్చిల్‌కు ట్రోఫీ ఇచ్చేశారు. జులై 18న స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఇంటర్ కాశీని ఛాంపియన్‌గా ప్రకటించమని ఆదేశించింది. ఏప్రిల్‌లో అయిపోయిన సీజన్‌కు విజేత ఎవరో జులైలో లొజాన్‌లో తేలింది. ఎవరిది న్యాయమన్నది పక్కన పెట్టండి. ఆట ముగిసిన రోజునే విజేతను ప్రకటించలేని పోటీకి ఎవరు డబ్బు పెడతారు?

గొడుగు తీసేశాక

ఆ వేసవిలోనే అసలు సంక్షోభం వచ్చిపడింది. 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగుస్తుంది. సమాఖ్య నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉండటంతో కొత్త ఒప్పందం మీద చర్చలకు వీల్లేకపోయింది. జులై 11న లీగు నిర్వాహక సంస్థ సీజన్‌ను నిలిపివేస్తున్నట్టు క్లబ్బులకు చెప్పింది. కొన్ని క్లబ్బులు మొదటి జట్టు కార్యకలాపాలు ఆపేశాయి, జీతాలు నిలిపాయి. సునీల్ ఛెత్రీ అంతటివాడు ఆటగాళ్ల తరఫున బహిరంగంగా ఆందోళన చెప్పుకోవాల్సి వచ్చింది.

సుప్రీంకోర్టు సెప్టెంబరులో నియమావళికి ఆమోదం తెలిపింది. ఆ ముసాయిదాను సిద్ధం చేసిన విశ్రాంత న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు తెలుగువారు. బిడ్ల పరిశీలన కమిటీకీ ఆయనే నాయకత్వం వహించారు. కొత్త టెండరులో సమాఖ్య అడిగిన కనీస హామీ ఏడాదికి 37.5 కోట్లు. అంతకు ముందు సమాఖ్యకు ఏటా 50 కోట్లు ముట్టేవి. ధర తగ్గించి అడిగినా నవంబరు 7 గడువుకు ఒక్క బిడ్డూ రాలేదు. డిసెంబరు చివర, మాంచెస్టర్ సిటీ యజమానులైన సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ ముంబయి సిటీలో తన వాటాను వదిలేసుకుంది. జనవరి మొదట్లో ఆటగాళ్లే వీడియో విడుదల చేసి ఫిఫా జోక్యం కోరారు. చివరికి కేంద్ర క్రీడామంత్రి మన్‌సుఖ్ మాండవీయ జనవరి 6న ఫిబ్రవరి 14 తేదీ ప్రకటించారు.

ఒక్క బిడ్డూ రాకపోవడానికి టెండరు షరతులు కారణమని కొందరు, సమాఖ్య మీద నమ్మకం లేదని కొందరు అన్నారు. రెండింటిలోనూ నిజముంది. కానీ అంతకన్నా లోతైన కారణం ఒకటుంది. పదకొండేళ్లు ఒకే సంస్థ లీగును నడిపింది, ఖర్చు భరించింది, టీవీలో చూపించింది. ఆ సంస్థ గొడుగు కింద ఉన్నన్నాళ్లూ క్లబ్బులకు గానీ, సమాఖ్యకు గానీ సొంతంగా లీగు నడపడం నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. గొడుగు తీసేసరికి ఎవరి నెత్తి మీద చూసినా వానే.

ఈ మాట ఎంత నిజమో తెలుసుకోవాలంటే హైదరాబాద్ ఎఫ్‌సీని చూస్తే చాలు. పుణే ఫ్రాంచైజీ మూతపడ్డాక ఆ స్థానంలో 2019లో పుట్టిన క్లబ్బు అది. మనోలో మార్కేజ్ కోచ్‌గా వచ్చాక జట్టు రూపం మారింది. 2021-22లో ఓగ్బెచే 18 గోల్స్‌తో లీగు అగ్రగామి. 2022 మార్చి 20న ఫైనల్ కేరళ బ్లాస్టర్స్‌తో. రాహుల్ కేపీ గోల్‌తో వెనకబడిన జట్టును 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్ నిలబెట్టింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో హైదరాబాద్ ఛాంపియన్. అయితే ఆ ఫైనల్ జరిగింది గోవాలో. కోవిడ్ కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే నడిచింది. హైదరాబాద్ పేరున్న జట్టు దేశాన్ని గెలిచిన ఏడాది హైదరాబాద్ ప్రేక్షకుడు గచ్చిబౌలిలో ఒక్క లీగు మ్యాచు కూడా చూడలేదు.

రెండేళ్లు గడిచేసరికి అదే క్లబ్బు జీతాలు చెల్లించలేని స్థితికి వచ్చింది. విదేశీయులు వెళ్లిపోయారు, సీనియర్లు వెళ్లిపోయారు. కుర్రాళ్లతో ఆడిన 2023-24లో 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. యాజమాన్యం మారింది, 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. రెలిగేషన్ ఉన్న లీగులో ఈ క్లబ్బు కింది డివిజన్‌కు దిగేది, కానీ హైదరాబాద్‌లోనే ఉండేది. మళ్లీ ఎక్కే అవకాశం దానికి మిగిలేది. మెట్లు లేని లీగులో దిగడమంటూ ఉండదు. ఊరు మారడమో, మూతపడటమో మాత్రమే ఉంటుంది.

గోల్ కొట్టేదెవరు?

లీగు విలువను చివరికి జాతీయ జట్టే తూకం వేస్తుందన్న వాదన ఇంకొకటి. 2014 నుంచి 2025 వరకు జరిగిన పదకొండు ఐఎస్‌ఎల్ సీజన్లలో అత్యధిక గోల్స్ బహుమతి ఒక్క భారతీయుడికీ దక్కలేదు. 2024-25లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ తరఫున మొరాకో ఆటగాడు అలాయెద్దీన్ అజరాయ్ 23 గోల్స్‌తో రికార్డు సృష్టించాడు. భారతీయుల్లో మొదటివాడు 14 గోల్స్ కొట్టిన ఛెత్రీ. అప్పటికి అతనికి 40 ఏళ్లు. 2024 జూన్‌లో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు పలికినవాణ్ని 2025 మార్చిలో మళ్లీ పిలిపించుకున్నారు. భారత్ 2027 ఆసియా కప్‌కు అర్హత సాధించలేకపోయింది: సొంతగడ్డపై సింగపూర్ చేతిలో 1-2, ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. 2025 చివరికి ర్యాంకు 142.

దీనికి విదేశీ స్ట్రైకర్లను తప్పుపట్టడం తేలిక. కానీ అది సగం జవాబే. ఏడాదిలో కొన్ని నెలలే ఆడే కుర్రాడికి 22 ఏళ్లకు రావాల్సిన మ్యాచులు 27 ఏళ్లకు వస్తాయి. ముందు వరుసలో ఆడేవాడి నేర్పు పుస్తకంతో రాదు. ఏడాదికి 35, 40 పోటీ మ్యాచులు, ఏళ్ల తరబడి ఆడితేనే వస్తుంది. 13 మ్యాచుల సీజన్ స్ట్రైకర్‌ను తయారుచేయలేదు. ఇక్కడ ఒక్క ఊరట: 2025 ఆగస్టులో జాతీయ జట్టు పగ్గాలు అందుకున్నది ఐజాల్‌ను గెలిపించిన ఖాలిద్ జమీలే. ఐ-లీగ్ మెట్ల మీద ఎదిగిన మనిషి.

బయటి అనుభవం

రెలిగేషన్ లేకపోతే లీగు బతకదని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ 1996 నుంచి మూసిన తలుపులతోనే నడుస్తోంది. మన నేషనల్ లీగ్ పుట్టిన ఏడాదే అదీ పుట్టింది. అయితే అక్కడ క్లబ్బుల పెట్టుబడిదారులే లీగు యజమానులు. నష్టమొచ్చినా, లాభమొచ్చినా కలిసే పంచుకుంటారు. కాబట్టి వచ్చే సీజన్ ఉంటుందా అన్న అనుమానమే రాదు. జపాన్ జే-లీగ్ 1993లో పది క్లబ్బులతో, కింది మెట్టు లేకుండానే మొదలైంది. కానీ ప్రతి క్లబ్బూ ఒక ఊరికి చెందాలని ముందే నియమం పెట్టుకుంది. 1999లో రెండో డివిజన్ ఏర్పరచి ఎక్కడం, దిగడం అమలు చేసింది. ఆరేళ్లలో ఆ పని పూర్తిచేసింది. మూసిన లీగు తాత్కాలిక దశగా ఉండవచ్చు, శాశ్వత వ్యవస్థగానూ ఉండవచ్చు. రెండింటిలో ఏదో తేల్చుకోకుండా పదేళ్లు గడపడమే మనం చేసిన పని.

తెలుగు రాష్ట్రాల వంతు

ఐఎస్‌ఎల్ జట్టు తరలిపోయాక తెలుగు నేల మీద ఫుట్‌బాల్ లేదనుకోవడం తప్పు. విశాఖ పేరుతో జాతీయ లీగులోకి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. ఒక్క మెట్టు తేడాతో రెండుసార్లు పై లీగు అందకుండా పోయింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు ఆతిథ్యమిచ్చింది హైదరాబాదే. కేరళపై బెంగాల్ గెలిచింది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్ మహిళల జాతీయ జట్టులో స్థానం సంపాదించుకుంది. మైదానాలున్నాయి, పిల్లలున్నారు. లేనిది జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జాతీయ లీగుకు తెగకుండా సాగే దారి. రహీం జీవితం మీద 2024లో హిందీ సినిమా వచ్చింది. ఆయన పేరు చెప్పుకోవడానికి మనకు సినిమాలే మిగిలితే తప్పు మనదే.

ఏం చూడాలి?

ఇకముందు లీగును ఎవరు నడిపినా, ఏ సంస్థ కోట్లు గుమ్మరించినా, సామాన్య ప్రేక్షకుడు మూడే మూడు సంగతులు అడిగితే చాలు. వచ్చే సీజన్ మొదటి మ్యాచు తేదీ ఈ సీజన్ ముగిసేలోపే తెలిసిందా? పట్టికలో చివరి జట్టు కిందికి దిగిందా, కింది లీగు విజేత నిజంగా పైకి వచ్చిందా? ఆటగాళ్లందరికీ ప్రతి నెలా జీతం ముట్టిందా? వీటికి ‘అవును’ అన్న జవాబు వరసగా ఐదేళ్లు వస్తే టీవీ, ప్రకటనలు, పెట్టుబడులు వాటంతటవే వెనక నడుస్తాయి. ముప్పై ఏళ్లుగా మనం ముందు డబ్బు వస్తే తర్వాత వ్యవస్థ వస్తుందని చూశాం. 2025లో డబ్బు పక్కకు తప్పుకోగానే వెనక వ్యవస్థ లేదని తేలిపోయింది.

రెండు తెలుగు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలు చేయగలిగిన పని చిన్నదే కానీ అసలైనది. ప్రతి ఏటా ఒకే తేదీకి మొదలయ్యే, ఎక్కడం, దిగడం ఉన్న రాష్ట్ర లీగును నడపాలి. దానికి సుప్రీంకోర్టు తీర్పు అవసరం లేదు, ముంబయి నుంచి బిడ్డు రానక్కర్లేదు.